గ్రేవీ వాళ్ళ అమ్మ

డెబ్బై తొమ్మిది. కరెంటు పోయింది, లోపల డెబ్బై తొమ్మిది, అని ఫోను ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది, వెళ్ళి చూడ్డానికి దానికేమైనా కాళ్ళున్నాయా. నాకున్నాయి, మోకాళ్ళు కొత్తవి కూడా, పోయినేడు మార్పించుకున్నవి, కానీ అవి ఈ కారులో, ఈ నెవాడా ఎడారి నడిమధ్యన, పద్నాలుగు బండ్ల వెనకాల ఇరుక్కుని ఉన్నాయి. ముందు రోడ్డు వేస్తున్నారు. ఒక వరసే దారి. నారింజరంగు చొక్కా వేసుకున్న ఆవిడొకతి 'ఆగు' అని రాసిన పలకని కర్రకి తగిలించుకుని నిలబడింది. పదకొండు మైళ్ళట ఆ పని. అటునుంచి వచ్చే బండ్లని వెంటేసుకుని ఒక పైలట్ కారు వస్తుంది, వచ్చి వెనక్కి తిరుగుతుంది, అప్పుడు దాని వెనకాల మేం బయల్దేరాలి. అది పాతిక మీద పోతే పాతిక మీద, ఇరవై మీద పోతే ఇరవై మీద. ఆ పదకొండూ దాటాక ఇంకో మైలుంటుంది, అక్కడ ఒక్క చెట్టయినా లేని క్యాంపులో, ఇరవై రెండో నంబరు జాగాలో మేం కాపురముండే చక్రాల ఇల్లు, మా ఇంటిబండి. దాన్లో మా కుక్క గ్రేవీ. తలుపుకి తాళం వేసి ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి. బయట తొంభై ఆరు డిగ్రీలు, ఫారెన్‌హీటులో.

"కరెంటు పోయిందట" అన్నాను గోర్డీతో. "ఎవరికి?" అన్నాడు సగం నోటితో. మిగతా సగం ఇంకా పళ్ళడాక్టరు సూదిమందులోనే ఉంది. డెబ్బై ఒక్కేళ్ళ మొగుడు నిన్న సాగే మిఠాయి తిన్నాడు, వద్దు గోర్డీ అంటూనే ఉన్నాను, పన్ను మీది తొడుగు ఊడి చేతికొచ్చింది, దాన్ని కాగితంలో చుట్టుకుని ఇవాళ పొద్దున్నే అరవై మైళ్ళవతల ఊరికి పోయి అతికించుకొచ్చాం. లేకపోతే గ్రేవీని ఎక్కడా వదలం. సబ్బుబిళ్ళ కొనడానికెళ్ళినా వెనక సీట్లో వాడే. కానీ డాక్టరు దగ్గర ఎంతసేపవుతుందో, ఎండలో కారులో వాణ్ణి ఎలా ఉంచుతాం, పదమూడేళ్ళ ముసలాడు, బండిలో ఏసీ వేసి పడుకోబెడితే హాయిగా ఉంటాడు కదా అనుకున్నాం. వాడి మంచికే అనుకున్నాం. "మన బండిలోనే గోర్డీ, డబ్బా మెసేజ్ పెట్టింది" అన్నాను. ఏసీ ఆగితే కబురు చెప్పడానికి ఫ్రిజ్ పక్కన అతికించిన చిన్న డబ్బా అది, బ్యాటరీ మీద బతుకుతుంది. గోర్డీ దవడ తడుముకున్నాడు. "గీజరు గ్యాస్ మీదే ఉందిగా?" అన్నాడు. "ఆఁ" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. నోరు దానంతటదే అనేసింది. గీజరు గ్యాస్ మీద లేదు, కరెంటు మీద ఉంది, నాకు తెలుసు. పొద్దున గిన్నెలు తోమాలని గ్యాస్ స్విచ్చి నొక్కాను, వెలగలేదు, మళ్ళీ నొక్కాను, టకటకమంది గానీ అంటుకోలేదు. ఈ గుడ్డు జిడ్డు చన్నీళ్ళకి పోదులే అని పక్క స్విచ్చి నొక్కాను. ఎర్రలైటు వెలిగింది. కడిగేశాక తీసేద్దాంలే అనుకున్నాను. ఈలోగా కిందనుంచి గోర్డీ హారన్ కొట్టాడు, టైమైపోతోంది అని, చేతులు తుడుచుకుంటూ దిగాను, గ్రేవీ తల నిమిరాను, వాడు కళ్ళు తెరవను కూడా లేదు, తాళం వేశాను. నీళ్ళు కాగాక గీజరు ఆగి ఉంటుంది, చల్లారాక మళ్ళీ తనంతట తానే అందుకుని ఉంటుంది, ఇంకేముంది, ఏసీ, గీజరూ కలిసి లాగితే ఆ క్యాంపు బక్క కరెంటు తట్టుకోలేదు, టప్పున బ్రేకరు పడిపోయి ఉంటుంది. ఇంటిబండి కొన్నవాడికి మొదటిరోజు నేర్పే పాఠం ఇది. ఏసీ వేస్తే గీజరు గ్యాస్ మీద. స్టిక్కరు మీద రాసి స్విచ్చి పక్కనే అంటించింది కూడా నేనే, గోర్డీ మర్చిపోతాడని.

ఎనభై నాలుగు. మా మిన్నెసోటాలో ఇల్లు అంటుకున్నా 'ఫర్లేదులే, కాస్త వెచ్చగా ఉంది' అంటారు. గోర్డీ కూడా అదే అన్నాడు, "ఎనభై నాలుగంటే ఫర్లేదు మార్లిస్, జూలైలో మనింట్లో ఉండేదేగా." మనింట్లో కిటికీలు తెరిచి ఉండేవి గోర్డీ. అయినా నాకు చెబుతాడేంటి అంకెల గురించి, ముప్పై ఒక్కేళ్ళు నేను తిన్నది ఈ అంకెల అన్నమే. బడి వంటగదికి పెద్దదాన్ని, పొద్దున ఆరింటికోసారి, పిల్లలు తిని వెళ్ళాక ఇంకోసారి, ఫ్రిజ్ తలుపు తీసి ఎన్ని డిగ్రీలుందో చూడ్డం నా పని. నలభై దాటితే పాలు పారబొయ్యాలి. అంకె పెరిగితే నా చెయ్యి ఊరుకునేది కాదు, తలుపు బార్లా తీసిపెట్టిందెవరే అని కేకలేసేదాన్ని, ఐసుగడ్డలు తెప్పించేదాన్ని, మెకానిక్ పెళ్ళానికి ఫోన్ చేసి వాణ్ణి మంచం మీంచి లేపించేదాన్ని. ఇప్పుడూ అంకె పెరుగుతోంది. చెయ్యి ఒళ్ళో ఉంది. ఏం చెయ్యాలో తెలీక ఇందాకట్నించి చేతిసంచి జిప్పు తీస్తోంది, మూస్తోంది, తీస్తోంది.

క్యాంపు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటే ఉంది. ఏడుసార్లు మోగి ఆ ఆఫీసావిడ గొంతు పలికింది, బతికాంరా అనుకుంటే అది టేపు: 'మేం ఏ కొళాయి దగ్గరో ఉంటాం, పేరూ నంబరూ చెప్పి హాయిగా ఉండండి.' పేరు చెబుతుంటే తెగిపోయింది. పోలీసుకి చేశాను, హలో అన్నారు, హలో అన్నాను, తెగిపోయింది. మళ్ళీ చేశాను, అసలు మోగనే లేదు. గోర్డీ కారు దిగి కాలుగాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ నాలుగు అడుగులు వేసి, పలక పట్టుకున్నావిడ దగ్గరికి నడిచాడు. ఆ ఎండలో వంగిన వీపుతో అలా నడుస్తుంటే వెనకనుంచి ఎంత ముసలాడిలా ఉన్నాడో, ఎప్పుడైపోయాడు ఇంత ముసలి, నేను ఎటు చూస్తున్నానప్పుడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆవిడ గోర్డీ వెంట మా కారు దాకా వచ్చింది, కిటికీలోకి వంగింది, ఎండకి కమిలి యాభై ఏళ్ళ మొహం అరవైలా ఉంది. "రోలరు గుంటలోకి ఒరిగిందమ్మా. దాన్ని లేపేదాకా ఎవరూ కదలరు. ముప్పావు గంటంటున్నారు, వాళ్ళ ముప్పావు గంట సంగతి నాకు తెలుసు" అంది. "మా కుక్క" అన్నాను. "ఆయన చెప్పాడు. నాక్కూడా రెండున్నాయి." రోడ్డు వైపు చూసింది. "నేను వదిలినా పోలేరు, ఒక పక్క కాగే తారు, ఒక పక్క పల్లం, మధ్యలో లారీలు. నా రేడియో మావాళ్ళ వరకే పలుకుతుంది. అటు చివర ఇంకొకడు పలక పట్టుకుని ఉన్నాడు, వాడి ఫోను పనిచేస్తుందేమో, క్యాంపు పేరు చెప్పండి, కొట్టి చూడమంటాను." చెప్పాను. ఆఫీసు నంబరూ, మా జాగా నంబరూ కూడా చెప్పాను, రెండుసార్లు. ఆవిడ రేడియోలో చెబుతుంటే అటునుంచి బరబరమని చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. "విన్నాడంటారా?" అన్నాను. "వినే ఉంటాడు" అంది, నా మొహం చూడకుండా.

ఎనభై తొమ్మిది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కిటికీకి అట్టముక్క ఉండేది. ఇంటిబండ్లలో తిరిగేవాళ్ళందరికీ అలవాటది, కుక్కని వదిలి వెళ్తే కిటికీకి అట్ట తగిలిస్తారు, 'మా వాడు లోపలున్నాడు, ఏసీ నడుస్తోంది, ఏదైనా అయితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అని. గోర్డీ ఎర్ర ఇంకుతో రాసి, మూలన గ్రేవీ బొమ్మ కూడా గీశాడు, అది కుక్కలా లేదు, బంగాళాదుంపకి చెవులు పెట్టినట్టుంది. నేనే తీసేశాను. ఇంట్లో ఎవరూ లేరు రండి బాబూ అని దొంగలకి శుభలేఖ పంచినట్టుంది కదయ్యా అన్నాను. గోర్డీ దాన్ని తెచ్చి కారు సీటు కింద పెట్టాడు, ఇప్పుడు నా కాళ్ళ కింద ఉన్నది అదే. ఆ తాళాల సంగతి కూడా నేనే. ఈ ఇంటిబండ్లు చాలావాటికి సామాన్ల అరల తాళంచెవి ఒకటే, ఎవరి చెవితో ఎవరి అరైనా తెరుచుకుంటుంది, ఆ అరలోంచి దూరి మంచం పలక ఎత్తితే ఇంట్లోకి వచ్చేయొచ్చు. అందరికీ తెలుసు, అందరూ నవ్వుకుంటారు, తాళంచెవి పోతే పక్కబండివాణ్ణి అడుగుతారు. నాకు తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే గోర్డీ చేత ఆరు తాళాలూ మార్పించాను. "మార్లిస్, నాలుగు పాత కుర్చీలూ ఒక పొయ్యీ, ఎవడు ఎత్తుకుపోతాడు?" అన్నాడు స్క్రూలు తిప్పుతూ. బడి వంటగదిలో చాక్లెట్ పాల డబ్బాలు ఎలా పోయేవో నీకేం తెలుసు, అన్నాను.

నిన్న సాయంత్రం కూడా. పక్క జాగాలో పొడుగ్గా ఎండిన మనిషి, టెక్సాస్ యాస, వాళ్ళ పొట్టి కుక్క పేరు పికిల్. ఈ క్యాంపుల్లో మనుషుల పేర్లు ఎవరికీ పట్టవు, కుక్కల పేర్లే గుర్తు, వాళ్ళు పికిల్ వాళ్ళ అమ్మానాన్నా, మేం గ్రేవీ వాళ్ళ అమ్మానాన్నా. నాకు చిరాకు, నాకో పేరుంది, మా అమ్మ పెట్టింది. "గ్రేవీ వాళ్ళ అమ్మగారూ" అని పలకరించాడు టొమాటోలు రెండు చేత్తో పట్టుకుని, "ఇక్కడ కరెంటు వట్టి నీరసం, ఏసీతో పాటు ఇంకేం వెయ్యకండి. ఎక్కడికైనా వెళ్ళేపనైతే చెప్పండి, మీవాణ్ణి ఓ కంట కనిపెడతా, మీ నంబరివ్వండి" అన్నాడు. ఎవడీయన, మా నంబరెందుకు, మేం ఎప్పుడు బయటికెళ్తామో ఈయనకెందుకు. "మాకు తెలుసులెండి" అన్నాను. టొమాటోలు తీసుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఎప్పుడు మంచిదైందని. నంబరిచ్చి ఉంటే ఏం పోయేది. ఇప్పుడాయన మా గోడకి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. పది అడుగులు. మేం పన్నెండు మైళ్ళు.

గోర్డీ మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మాట్లాడ్డం లేదు. నేనూ మాట్లాడ్డం లేదు. మాట్లాడాలంటే వెనక సీట్లో వాడుండాలి కదా. ఎవరికైనా చెబితే నవ్వుతారు, మేమిద్దరం మాట్లాడుకునేది గ్రేవీతో. గ్రేవీ, మీ నాన్నకి చెప్పు, కుడివైపు తిరగాల్సింది దాటిపోయాం అని. గ్రేవీ, మీ అమ్మకి చెప్పరా, దారి నాకు తెలుసని. ఎప్పుడు మొదలైందో కూడా నాకు గుర్తే. గడ్డకట్టిన చెరువు మీద మంచు విరిగి గోర్డీ తమ్ముడు నీళ్ళలో పడి చనిపోయిన చలికాలం, రెండు నెలలు ఈ మనిషి నోరు విప్పలేదు, బస్సులు బాగుచేసే షెడ్డుకి పనికి వెళ్ళడం, రావడం, గోడకేసి కూర్చోవడం. పిల్లల్లేరు మాకు, వస్తారని వేసిన గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాం, మాట్లాడించడానికి ఇంట్లో ఇంకో గొంతు లేదు. చివరికి ఎవరో వద్దని పడేసిన కుక్కపిల్లని చొక్కాలో పెట్టుకొచ్చాను, బుర్ర మీద కూర పులుసు ఒలికినట్టు గోధుమరంగు మచ్చ ఉంది, అదే పేరైంది. మూడోరోజు పొద్దున గోర్డీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నన్ను చూడకుండా, "గ్రేవీ, మీ అమ్మనడుగు, కాఫీ ఉందేమో" అన్నాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. అంతే, అప్పట్నించీ అలవాటైపోయింది. తిట్టుకున్నా వాడి మీదుగానే, క్షమించమన్నా వాడి మీదుగానే. పోయిన ఆకురాలే కాలం నుంచి వాడికి చెవులు వినపడట్లేదు. ఇనపమూకుడు వెనకాలే కిందపడితే కదల్లేదు, అప్పుడే నాకు తెలిసింది. గోర్డీ ఒప్పుకోడు, "వినపడక కాదు, వాడికి పొగరు" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇద్దరం ఇప్పటికీ వాడితోనే చెప్పుకుంటున్నాం, వాడు మాత్రం ఎవరి పెదవులు కదిలితే వాళ్ళ వైపు తల తిప్పి, బాధ్యతగా చూస్తాడు.

తొంభై నాలుగు. తల తిప్పి ఎవరి వైపు చూస్తున్నాడో ఇప్పుడు. ఏసీ ఆగిన చప్పుడు వాడికి తెలీదు, వేడి మాత్రం తెలుస్తుంది. మొదట సోఫా దిగి ఉంటాడు, దిగేటప్పుడు వెనకకాళ్ళు జారతాయి, తివాచీ వేశాను అక్కడ. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి ఉంటాడు. గోకడు. వాడెప్పుడూ గోకలేదు, నిలబడి చూస్తాడంతే, మనకే తెలియాలి. నీళ్ళ గిన్నె నిండుగా పెట్టానా? పెట్టాను. పెట్టానా? గిన్నె కడిగి బోర్లించినట్టు గుర్తు, మళ్ళీ తిప్పి నింపినట్టు గుర్తు, ఏది ఇవాళ్టిదో ఏది నిన్నటిదో. నింపాను, నింపకుండా ఎలా వెళ్తాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఉంటాడు, అక్కడ గచ్చు చల్లగా ఉంటుందని తెలుసు వాడికి, తెలివైనవాడు, పొట్ట నేలకానించి పడుకుని తలుపు వైపు చూస్తుంటాడు. వాళ్ళొస్తారులే అనుకుంటాడు. అదే నేను తట్టుకోలేకపోతున్నది. కోపం రాదు వాడికి, పదమూడేళ్ళుగా ఎప్పుడు వెళ్ళినా తిరిగొచ్చాం కాబట్టి వస్తాం అనుకుంటాడు. గోర్డీకి ఒకటే కోరిక, వాడి కాళ్ళు ఒక్కసారి సముద్రంలో తడపాలని. మా ఊళ్ళో చెరువులే గానీ సముద్రమెక్కడిది. అందుకే మిన్నెసోటా నుంచి ఇంతదూరం, డకోటా గాలిలో ఊగుతూ, వయోమింగ్ కొండలెక్కుతూ, ప్రతి రెండు గంటలకీ వాణ్ణి ఎత్తి దించి, వాడు ఒకే ఒక్క పొదని పావుగంట వాసన చూసేదాకా నిలబడి. ఇంకో రెండు రోజులు. రెండు రోజుల్లో పసిఫిక్.

చెప్పేద్దామా. గోర్డీ, గీజరు కరెంటు మీద ఉంది, నేనే పెట్టాను, ఇందాక అబద్ధమాడాను. నాలుక మీదిదాకా వస్తోంది. చెబితే ఏమవుతుంది, అంకె తగ్గుతుందా. చెప్పకపోతే ఏమవుతుంది, వాడు పోతే, అయ్యో దేవుడా, పోతే అన్నాను, పోతే ఈ మనిషితో మిగిలిన రోజులు ఏ నోటితో మాట్లాడతాను. గోర్డీ స్టీరింగు మీద చూపుడువేలితో కొడుతున్నాడు, టక్ టక్ టక్. మాట్లాడకపోవడం కోపమా, భయమా, సూదిమందా, తెలీదు. నలభై నాలుగేళ్ళ కాపురం, తెలీదు. తొంభై ఏడు.

దొంగ వస్తే బాగుండు. అవును, నేనే అంటున్నాను. ముప్పై ఒక్కేళ్ళు పాల ఫ్రిజ్‌కి గొలుసు వేసినదాన్ని, ఆరు తాళాలు మార్పించినదాన్ని, మొక్కుకుంటున్నాను, ఎవడైనా దొంగవెధవ ఒక్కడు, పగటిపూట ఇంట్లో ఎవరూ లేరని కనిపెట్టి, ఓ ఇనపకడ్డీ పట్టుకుని ఇరవై రెండో నంబరు కిటికీ పగలగొట్టాలి. గోర్డీ రేడియో తీసుకో నాయనా. నా కుట్టుమిషను తీసుకో. మా అమ్మ గాజు గిన్నెలున్నాయి పై అరలో, వార్తాకాగితాల్లో చుట్టి ఉన్నాయి, అవీ తీసుకో. తలుపు మాత్రం బార్లా తీసి పో.

తొంభై తొమ్మిది అన్నాక ఫోను ఇంకేమీ చెప్పలేదు. ఉన్న ఒక్క గీతా పోయింది. అంకె కనపడుతున్నప్పుడే నయం, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే పెరుగుతోంది నాలో. ఎంతసేపటికో దుమ్ములోంచి పైలట్ కారు పచ్చలైటు తిప్పుకుంటూ వచ్చింది, దాని వెనకాల అటువైపు బండ్లు ఒకటొకటే. లారీలు, ట్రక్కులు, రెండు ఇంటిబండ్లు కూడా, ఒకదాని ముందు అద్దంలో తెల్లకుక్క ఒకటి రాణిలా కూర్చుని మమ్మల్ని చూసుకుంటూ పోయింది. నాకు ఆ కుక్క మీద అసూయ కలిగింది, సిగ్గు లేకుండా కలిగింది. పలకావిడ పలక తిప్పింది. మా కారు పక్కకి రాగానే వంగి, "అటువాడు ఆఫీసుకి నాలుగుసార్లు కొట్టాడట, నాలుగోసారి ఎవరో ఎత్తారట, అంతవరకే తెలుసు, పొండి" అంది. పొండి అంటే ఎటు పోతాం, పద్నాలుగు బండ్ల వెనక, ఇరవై మీద. గోర్డీ ముందుబండి బంపరుకి ముక్కు ఆనించేంత దగ్గరగా పోతున్నాడు, అలా పోతే త్వరగా పోతామన్నట్టు. తారు వాసన. పక్కన ఒరిగిన రోలరుని గొలుసులతో కట్టి నిలబెట్టారు, పనివాళ్ళు దాని నీడలో కూర్చుని పుచ్చకాయ తింటున్నారు. ప్రపంచంలో కొందరు పుచ్చకాయ తింటున్నారు.

నాలుగో మైలు దగ్గర రోడ్డు కొండెక్కింది, ఫోను గుర్రుమంది, ఆగిపోయిన మెసేజులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. నూట ఒకటి. నూట మూడు. నూట మూడు. తొంభై ఎనిమిది. "గోర్డీ, తగ్గింది" అన్నాను. "ఎవరో తెరిచారు" అన్నాడు. తగ్గింది బండిలో వేడి, అంతే. ఆ డబ్బాకి బండి ఎంత వేడిగా ఉందో తెలుసు గానీ కుక్క ఎలా ఉందో తెలీదు. ఫోను చేతిలో ఉండగానే మోగింది, తెలియని నంబరు. తెలియని నంబర్లు నేను ఎత్తను, జన్మలో ఎత్తలేదు.

ఎత్తాను. "గ్రేవీ వాళ్ళ అమ్మేనా?" అంది టెక్సాస్ యాస.

"అవును" అన్నాను, "గ్రేవీ వాళ్ళ అమ్మనే."

"పికిల్ వాళ్ళ నాన్ననండి. మీ పెద్దకిటికీ పగలగొట్టాను, ఏమనుకోకండి. ఆఫీసావిడ పరిగెత్తుకొచ్చి చెప్పింది, మీ నంబరూ ఆవిడే ఇచ్చింది. ముందు సామాన్ల అర తెరుద్దామని నా చెవి పెట్టి చూశా, ఎందుకో తిరగలేదు, అన్నిటికీ తిరుగుతుంది, దాంతో కుస్తీ పట్టి పది నిమిషాలు పాడు చేశానండి, నాదే బుద్ధి తక్కువ."

పది నిమిషాలు. నా తాళాలు. "ఎలా ఉన్నాడు?" అన్నాను. గోర్డీ వేలు కొట్టడం ఆపేసింది.

"ఊపిరుంది" అన్నాడాయన. "బాత్రూం గచ్చు మీద ఉన్నాడు. మా బండిలోకి తెచ్చి ఏసీ కింద పడుకోబెట్టాం, పొట్టకీ కాళ్ళకీ తడిగుడ్డలు వేశాం. నీళ్ళు పెడితే మింగట్లేదు. జంతువుల డాక్టరు బయల్దేరింది, ఆవిడకీ మీ రోడ్డే అడ్డం. మా ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాడండి, మమ్మల్ని మాత్రం చూడట్లేదు, తలుపు వైపే చూస్తున్నాడు. మీరు మాట్లాడండమ్మా, మీ గొంతు వింటే ఏమైనా... చెవి దగ్గర పెడుతున్నా, మాట్లాడండి."

వాడు చెవిటివాడండీ అనబోయాను. మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే గోర్డీ అప్పటికే ఒక చెయ్యి చాపాడు. ఫోను స్పీకర్లో పెట్టి ఇద్దరి మధ్యా పట్టుకున్నాను.

"గ్రేవీ" అన్నాడు సగం నోటితో. గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ గ్రేవీ, నేన్రా. మీ అమ్మకో మాట చెప్పాలి. గీజరు కరెంటు మీద పెట్టింది మీ నాన్నేనని చెప్పు. మీ అమ్మ గ్యాస్ మీదే ఉంచింది, నేనే గెడ్డం గీసుకుంటూ మార్చాను. మార్చి మర్చిపోయాను. చెప్పరా మీ అమ్మకి, తనది తప్పేం లేదని."

పొద్దున గోర్డీ గెడ్డం గీసుకోలేదు. పక్కకి తిరిగి చూశాను, తెల్లటి గరుకు గెడ్డం అలాగే ఉంది. బస్సు గేటు దాటకముందే చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషి, నా 'ఆఁ'లో అబద్ధం వినపడదనుకున్నాను. గంట నుంచీ తెలుసు అతనికి. గంట నుంచీ వేలితో స్టీరింగు మీద కొడుతూ, ఆ తప్పుని తన నెత్తి మీద వేసుకోవడానికి గ్రేవీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ఆపకండి" అంది ఫోను. "తోక కదిలిందో మా ఏసీ గాలికి వెంట్రుకలు కదిలాయో చెప్పలేను. ఆపకుండా మాట్లాడుతూ ఉండండి."

ముందు బండ్లు పాకుతున్నాయి. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాను. "గ్రేవీ" అన్నాను, "మీ నాన్నకి చెప్పు, ఆ స్విచ్చి నొక్కింది నేనేనని."

గోర్డీ రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. "తెలుసని చెప్పరా" అన్నాడు.

ఇంకా ఎనిమిది మైళ్ళుంది.